ఇంట గెలిచి రచ్చ గెలిచిన నగరములు

ప్రత్తి ధర పడిపోయినపుడు మన రైతులు సాధారణముగా మూడు కారణములు చెప్పుకొందురు: దళారి మోసము, ప్రభుత్వపు ఉపేక్ష, కాలము కలిసిరాకపోవుట. ఈ మూడింటిలోను నిజము లేకపోలేదు. అయితే నాలుగవ కారణము ఒకటి కలదు. అది మన కంటికి ఆనదు గనుక దానిని గూర్చి మాటలాడుకొనుట అరుదు. మన ప్రత్తి బోరెము యార్డులో కాటా మీదికి ఎక్కకముందే ప్రత్తికి న్యూయార్కులో వాయిదా బేరము జరిగియుండును. మొక్కజొన్నకును సోయా నూనెకును చికాగోలోను, తెల్ల పంచదారకు లండనులోను అట్టి బేరములే జరుగుచుండును. మన దేశమున వాడుకయగు వంటనూనెలో సగమునకు పైగా విదేశముల నుండి వచ్చుచున్నది. కావున అనంతపురము వేరుసెనగ రైతునకును, ఏలూరు, ఖమ్మము ప్రాంతముల ఆయిల్ పామ్ రైతునకును ఆ దూరపు బేరముల గాలి తగులక మానదు.

ఈ సంగతి చెప్పగానే, "అవి మహానగరములు, వాటి బలము వాటిది, పల్లెటూరి వారమైన మనమేమి చేయగలము?" అని మన సభ్యులు నిట్టూర్చుట మేమెఱుగుదుము. వాన కురియుటయు కురియకపోవుటయు మన చేతిలో లేనట్లే, లండను, న్యూయార్కుల పెత్తనము కూడ ప్రకృతిసిద్ధమని చాలమంది తలచుచున్నారు. ఈ తలంపు సరికాదని మా అభిప్రాయము. ఆ పెత్తనము ఆకాశము నుండి ఊడిపడినది కాదు. ఆయా నగరములలో ఎవరికి వోటుండవలెను, ఏ నేలమీద ఏ కట్టడము లేవవలెను, ఎవరిమీద ఎంత పన్ను వేయవలెను అను స్థానిక తగవులు అనేకము జరిగినవి. ఆ తగవులలో కొందఱు గెలిచిరి, కొందఱు ఓడిరి. ఇంట గెలిచినవారే పిమ్మట రచ్చ గెలిచిరి. ఈ సంగతిని కొన్ని దృష్టాంతములతో వివరించి, అందుండి సహకార సంఘ సభ్యులు గ్రహింపదగినదేమో మనవి చేయదలచితిమి.

మొదట లండను సంగతి. లండను మహానగరము మిక్కిలి విశాలమైనది. దాని నడుమ "సిటీ ఆఫ్ లండన్" అను పేర, ఒక చదరపు మైలుకు కొంచెము మించిన ప్రాచీన భాగము వేఱుగా నున్నది. ఇంగ్లండు బ్యాంకు అందే యున్నది. ప్రపంచపు పెద్ద బ్యాంకులును బీమా సంస్థలును అనేకములు అందే కార్యాలయములు పెట్టుకొన్నవి. 2021 జనాభా లెక్కల ప్రకారము అచట కాపురముండువారు తొమ్మిదివేలకు లోపే. మన ప్రాంతమున ఒక పెద్ద గ్రామపు జనాభా అంత. పగటివేళ పనికి వచ్చువారు మాత్రము ఆరు లక్షలకు మించుదురు. ఈ చిన్న భాగమునకు సొంతముగా కార్పొరేషను, సొంతముగా పోలీసు, సొంతముగా లార్డు మేయరు కలరు. మహానగరమంతటికిని 2000 సంవత్సరము నుండి ప్రజలెన్నుకొనుచున్న మేయరు వేఱు, ఈ లార్డు మేయరు వేఱు.

సిటీలోని వోటు పద్ధతి మన సభ్యులు శ్రద్ధతో వినదగినది. 1835లో ఇంగ్లండు పురపాలక సంఘములను సంస్కరించిన చట్టము దీనిని తాకలేదు. వ్యాపారస్థలమును బట్టి వోటిచ్చు పాత పద్ధతి దేశమున తక్కిన చోట్ల 1969లో రద్దయ్యెను. సిటీలో మాత్రము నిలిచెను. అంతటితో నాగక 2002లో చేసిన చట్టముచే ఆ వోటు కంపెనీలకు మఱింతగా విస్తరించెను. తొమ్మిదిమంది వఱకు పనివారున్న సంస్థ ఒక వోటరును నియమింపవచ్చును. ఏబదిమంది వఱకు ప్రతి అయిదుగురికి ఒక వోటరు చొప్పునను, ఆపైన ప్రతి ఏబదిమందికి మఱియొక వోటరు చొప్పునను లెక్క. ఈ లెక్కన 3,500 మంది పనిచేయు బ్యాంకునకు 79 మంది వోటర్లు వచ్చుదురు. వీరిని పనివారు ఎన్నుకొనరు; సంస్థయే నియమించును. మొత్తము 25 వార్డులలో నివాసుల వార్డులని చెప్పదగినవి నాలుగు మాత్రమే.

దీనిని మన యింటి పద్ధతితో పోల్చి చూడుడు. అదే ఇంగ్లండులో 1844లో రాచ్‌డేల్ అను ఊర నేతపనివారును మఱికొందఱు చేతిపనివారును చేరి సహకార దుకాణము పెట్టుకొనిరి. వాటాలు ఎన్నియున్నను మనిషికి ఒకే వోటు అను నియమమును వారు అవలంబించిరి. నేడు లోకమంతట సహకారోద్యమమునకు అదియే పునాది. మన సంఘములకును అదియే ఆధారము. ఒకే దేశమున రెండు ఏర్పాట్లు వెలసినవన్నమాట. ఒక చోట సంస్థ పెద్దదైనకొలది వోట్లు పెరుగును. రెండవ చోట నూఱెకరముల ఆసామియు, అరెకరపు కౌలుదారును ఒకే వోటు వేయుదురు. ఏ యేర్పాటు ఎవరికి మేలు చేయునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇట్లెన్నికైన కార్పొరేషను వీధులు ఊడ్పించుటతోను, దీపములు వెలిగించుటతోను తృప్తిపడునది కాదు. శతాబ్దములుగా కూడబెట్టిన సొంత నిధి దానికి కలదు. 2012లో లెక్కలు బయలుపఱచినపుడు ఆ నిధి 130 కోట్ల పౌండ్లకు పైబడి యున్నదని లోకమునకు తెలిసెను. 1571లో ఏర్పడిన "రిమెంబ్రాన్సర్" అను ఉద్యోగము నేటికిని కలదు. పార్లమెంటులో రాబోవు చట్టములను కనిపెట్టి సిటీ పక్షమున మాటలాడుట ఆ ఉద్యోగి పని. లార్డు మేయరు ఏటేట దేశదేశములు తిరిగి, బ్యాంకు, బీమా వ్యాపారములకు తలుపులు తెఱువుడని అచటి మంత్రులను కోరుచుండును. మన ముంబాయిలో సయితము ఈ కార్పొరేషను ప్రతినిధి కార్యాలయమును నెలకొల్పినది. మన పురపాలక సంఘపు అధ్యక్షుడు కుళాయి నీటికొఱకు జిల్లా కలెక్టరు కార్యాలయము చుట్టు తిరుగుచుండ, తొమ్మిదివేల నివాసుల పురపాలక సంఘాధ్యక్షుడు పరదేశపు విత్తమంత్రులతో మంతనములు జరుపుచున్నాడు!

ఇందువలన మనకేమి యందురా? 2019 మే నెలలో కేరళ ముఖ్యమంత్రి పినరయి విజయన్ లండను స్టాకు ఎక్స్ఛేంజికి వెళ్లి, ఆనాటి బేరములను ప్రారంభించు వేడుకలో పాల్గొనెను. ఆ రాష్ట్రపు మౌలిక వసతుల సంస్థ నూటికి 9.723 వడ్డీపై 2,150 కోట్ల రూపాయల బాండ్లను అచట పెట్టుబడిదారులకు చూపెను. ఆ రాష్ట్రపు రోడ్లకును వంతెనలకును కావలసిన సొమ్మునకై లండను వాకిట నిలువవలసి వచ్చినది. ఇది తప్పని మేమనుట లేదు. సొమ్ము దొరకు చోటికి పోవలసినదే. ఆ సొమ్ము అచటికి చేరిన త్రోవ యెట్టిదో తెలిసికొనవలెననియే మా మనవి.

ఆ త్రోవలో ముఖ్యమైన మలుపు ఒక ప్లానింగు కమిటీ బల్లమీద జరిగినది. 1984లో సిటీ కార్పొరేషను తయారుచేసిన ముసాయిదా ప్రణాళికలో పాత కట్టడములను కాపాడుటకే ప్రాధాన్యము ఇచ్చిరి. అంతలో షేరు వ్యాపారపు పాత కట్టుబాట్లను సడలించుటకు నిశ్చయము జరిగెను. 1986 అక్టోబరు 27న అది అమలులోకి వచ్చెను. తూర్పున డాకుల ప్రాంతమున కానరీ వార్ఫ్ అను పేర క్రొత్త కార్యాలయ నగరము లేవనున్నదని కూడ తెలియవచ్చెను. తమ బ్యాంకులు అచటికి తరలిపోవునను భయమున కార్పొరేషను 1986లో తన ప్రణాళికను మార్చి, పెద్ద పెద్ద కార్యాలయములకు చోటు కల్పించెను. ఈ మార్పే లేనిచో అమెరికా, జపాను బ్యాంకులకు వందలమంది ఒక్కచో కూర్చుండి బేరములాడు హాళ్లు సిటీలో దొరకుట కష్టమై యుండెడిది.

కానరీ వార్ఫ్ కథ యింకను విచారింపదగినది. అది లేచిన నేల యొకప్పుడు వెస్టిండియా డాకులు; కరీబియన్ దీవుల పంచదార అచట దిగెడిది. ఓడలు వేఱు రేవులకు తరలిపోగా 1980లో ఆ డాకులు మూతపడెను. 1981లో ప్రభుత్వము ఒక అభివృద్ధి కార్పొరేషనును స్థాపించి, ప్రజలెన్నుకొన్న స్థానిక కౌన్సిళ్ల చేతిలోని ప్లానింగు అధికారమును తీసి దానికిచ్చెను. దాని సభ్యులను మంత్రియే నియమించెను. 1982 మొదలు పది సంవత్సరములు అచట లేచు కార్యాలయములకు స్థానిక పన్ను మినహాయింపు నిచ్చిరి. పని పోయిన రేవు కూలీల కుటుంబములు తమకు ఇండ్లును తగిన పనులును కావలెనని మొఱపెట్టుకొనిరి. 1986లో ఇంగ్లండు బ్యాంకు గవర్నరు వచ్చిన సభలోనికి గొఱ్ఱెలను తోలియు, తేనెటీగలను విడిచియు నిరసన తెలిపిరి. అయినను వారి మొఱ చెల్లలేదు. అదే సంవత్సరము మార్చి నెలాఖరున, మహానగరమంతటికిని ప్రజలెన్నుకొన్న గ్రేటర్ లండను కౌన్సిలు రద్దయ్యెను. సిటీ కార్పొరేషను మాత్రము చెక్కుచెదరలేదు.

ఇక న్యూయార్కు సంగతి. 1975లో ఆ నగరము అప్పులలో మునిగి దివాలా అంచునకు వచ్చెను. బ్యాంకులు క్రొత్త అప్పు పుట్టనీయలేదు. అపుడు నగరపు పద్దును అదుపుచేయుటకు ఒక మండలిని ఏర్పఱచిరి. అందు గవర్నరు, మేయరు మొదలగు ఎన్నికైనవారితోబాటు పెద్ద కంపెనీల అధిపతులు ముగ్గురు కూర్చుండిరి. వేలకొలది ఉద్యోగులను తొలగించిరి. రైలు చార్జీలు పెంచిరి. 1847 నుండి ఉచితముగా విద్య గఱపిన నగర విద్యాలయములలో 1976 నుండి ఫీజు పెట్టిరి. 1975 అక్టోబరులో, ఇక దివాలాయే యనుకొన్న గడియలలో, ఉపాధ్యాయుల పింఛను నిధి బాండ్లు కొని నగరమును నిలిపినది. ఈ నగరము కూలినచో దాని పెట్టు తమకును తగులునని పశ్చిమ జర్మనీ ప్రధానియైన హెల్ముట్ ష్మిట్ అమెరికాను హెచ్చరించెను. ఒక నగరపు జమాఖర్చు ఐరోపా దేశాధినేతలను కలవరపఱచిన తీరు ఇది.

అప్పిచ్చినవారే వచ్చి కూర్చుండి ఋణగ్రస్తుని పద్దు దిద్దుట, ముందుగా బాకీ చెల్లింపు, పిమ్మటనే జనుల అవసరములు అనుట, న్యూయార్కులో చూచిన పద్ధతి. 1982 ఆగస్టులో మెక్సికో తన విదేశీ ఋణమును చెల్లింపజాలనని చేతులెత్తిన పిమ్మట ఇట్టి పద్ధతియే దేశదేశములలో కనబడసాగెను. న్యూయార్కు దీనికి తొలి పాఠశాల యని కొందఱు పండితులు చెప్పుదురు. మాకును అట్లే తోచుచున్నది. మన దేశము 1991లో విదేశీ ద్రవ్యము చాలక అవస్థపడినపుడు, ఆ జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు, జపాను బ్యాంకులకు కుదువబెట్టెను. ఆ నెలలోనే వచ్చిన బడ్జెటులో ఎరువుల ధర నూటికి 40 వంతులు పెంచ దలచిరి. గగ్గోలు పుట్టిన పిమ్మట 30 వంతులకు తగ్గించిరి. బంగారము కుదువపడుటయు, యూరియా ధర పెరుగుటయు ఒకే సంకటము నుండి వచ్చిన రెండు ఫలితములు. ఆనాడు ఎరువుల కొట్టు ముందు నిలిచిన రైతునకు లండను ఎంత దూరము?

చికాగో దృష్టాంతము చిన్నది. 1848లో స్థాపింపబడిన అచటి ధాన్య వర్తక మండలి నేడు ఒక పెద్ద వాయిదా వ్యాపార సంస్థలో భాగము. 2011లో ఇల్లినాయి రాష్ట్రము కంపెనీల ఆదాయముపై పన్ను పెంచగా, ఆ సంస్థ తాము వేఱు రాష్ట్రమునకు తరలిపోదుమని చెప్పెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే శాసనసభ దానికి పన్ను తగ్గించుచు చట్టము చేసెను. ప్రపంచపు మొక్కజొన్న, గోధుమ, సోయాలకు దారిచూపు ధర పలుకు అంగడి తన ఊరి శాసనసభను బెదరించి గెలిచినది.

ఇచట నొక యాక్షేపణ రాగలదు. "ఆ నగరములు చేయునది తప్పేమి? పన్ను వేసిన వ్యాపారము పారిపోవును, అపుడు ఉన్న పనులును పోవును గదా" యని. ఈ మాటలో కొంత నిజమున్నది. బీమా లేక ఓడ కదలదు. అప్పు లేక వర్తకుడు సరుకు కొనలేడు. వాయిదా బేరము సరిగా నడచిన రైతునకు ముందుగా ధర తెలియును. ఈ పనులు ఎక్కడనో ఒకచో జరుగవలసినవే. కాని బెదిరించినవారెల్ల పారిపోవుదురనుట నిజము కాదు. న్యూయార్కు రాష్ట్రము 1905లో షేరు బదిలీలపై పన్ను పెట్టెను. దానిని పెంచదలచిన 1966లో స్టాకు ఎక్స్ఛేంజి ఊరు విడిచిపోదుమని బెదరించెను. 1981 నుండి ఆ పన్నును మొత్తముగా తిరిగి ఇచ్చివేయుచున్నారు. బ్రిటిషు ప్రభుత్వము మాత్రము షేరు కొనుగోళ్లపై నూటికి అరవంతు పన్నును 1986 నుండి వసూలు చేయుచునే యున్నది; లండను పాడుపడలేదు. ఒకే విధమైన వ్యాపారము, ఒకే విధమైన బెదిరింపు. ఒకచో లొంగిరి, ఒకచో లొంగలేదు. కావున ఇది ప్రకృతి నియమము కాదు, మనుష్యుల నిర్ణయము.

ఊరివారిని మఱచి రచ్చ గెలిచిన గెలుపు కలకాలము నిలుచునని నమ్ముట కూడ పొరపాటే. 2016 జూన్ 23న ఐరోపా కూటమిలో నుండవలెనా విడువవలెనా యని బ్రిటనులో వోటు జరిగినపుడు, సిటీలో నూటికి 75 మంది ఉండవలెననిరి. మూతపడిన గనులును మిల్లులును గల ఊళ్లలో అనేకములు విడువవలెననెను. వారి మాటయే నెగ్గెను. తమ మాట వినువారు లేక విసిగినవారు కోపముతో వేసిన వోటు లెక్కలు తలక్రిందులు చేయగలదు. అట్టి కోపము కట్టుటకన్న కూలగొట్టుటకే ఎక్కువ పనికివచ్చును. అంతవఱకు రానీయక, ప్రతి ఊర ప్రతి సంఘములో జనుల మాట ఎప్పటికప్పుడు చెల్లునట్లు చేయుటయే మేలు.

ఇక మన కర్తవ్యము. లండను కార్పొరేషనును సంస్కరించుట మన చేతిలోని పని కాదు. మన సంఘమును సరిగా నడుపుకొనుట మన చేతిలోనిదే. మూడు విషయములు మనవి చేయుచున్నాము.

మొదటిది: మనిషికి ఒక వోటు అను నియమమును కాగితముమీద గాక ఆచరణలో నిలుపుకొనవలెను. సర్వసభ్య సమావేశమునకు సభ్యులు రాక, వచ్చినవారును కాఫీ త్రాగి సంతకముచేసి వెళ్లిపోవు సంఘములు లేకపోలేదు. సకాలమున ఎన్నికలు జరుగక, పైనుండి నియమితులైనవారే సంవత్సరముల తరబడి నడుపుచున్న సంఘములును కలవు. ఇట్టి చోట్ల నియమము ఏదైనను నిజమునకు నడచునది పలుకుబడి గలవారి మాటయే. సిటీలో సంస్థలు చట్టముచే పొందిన పెత్తనమును, మన సంఘములో కొందఱు మన అశ్రద్ధచే పొందుచున్నారు. ఎన్నికలు జరుపుమని అడుగుట, సమావేశమునకు వచ్చి లెక్కలు చదివించుకొనుట ప్రతి సభ్యుని విధి.

రెండవది: ధరల సమాచారము వర్తకుని చేతి ఫోనులో మాత్రమే ఉండరాదు. ప్రతి సంఘ కార్యాలయపు గోడమీద ఒక పలక పెట్టించి, నేటి యార్డు ధరతోబాటు న్యూయార్కు ప్రత్తి ధరయు, చికాగో మొక్కజొన్న, సోయా నూనె ధరలును రోజుకొకమారు వ్రాయించుడు. చదువుకొన్న పిల్లలు ఇంటింట నున్నారు. ఇది వారికి పది నిమిషముల పని. దూరపు ధర పెరిగియు మన ధర పెరుగనిచో కారణమేమని అడుగుటకు సభ్యునకు ఆధారము దొరకును.

మూడవది: మన పల్లెల బిడ్డలు అనేకులు నేడు లండనులో చదువుచు, ఉద్యోగములు చేయుచున్నారు. బ్రిటనులో నివసించు అనుమతి గల భారత పౌరులకు, కామన్వెల్తు దేశస్థులగుటచే, అచటి స్థానిక ఎన్నికలలో వోటు హక్కు కలదు. ఈ సంగతి ఎఱుగని యువకులు ఎందఱో యుందురు. వారితో ఫోనులో క్షేమసమాచారములు మాటలాడునపుడు, "నాయనా, వోటరు జాబితాలో నీ పేరున్నదా?" యని కూడ అడుగుడు. అచటి ఇంటి అద్దె, అచటి ప్లానింగు, అచటి పన్ను వారికెంత సంబంధించినవో, పైన చెప్పిన విధమున మనకును కొంత సంబంధించినవే.

రాబోవు సర్వసభ్య సమావేశపు నోటీసు అందినపుడు దానిని చూరున దోపి మఱచిపోక, ఆ దినమున పొలము పని ఒక పూట ఆపియైనను సభ్యులెల్లరు హాజరగుదురని ఆశించుచున్నాము. మహానగరములలో సంస్థలు తమ వోటును ఒక్కటియైనను వృథాగా పోనీయక లెక్కించుకొనుచున్నవి. మనకున్న ఒక్క వోటును మనము అంతకంటె పదిలముగా చూచుకొనవలెను గదా!